ఫూరియర్ గారూ, మా బేస్ ఎటు పోయింది?

ముందే చెప్పేస్తున్నా. నేను సీఎస్ఈ సెకండియర్. నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడం ఇదే ఫస్ట్ టైం. ఒత్తులూ దీర్ఘాలూ మన క్లబ్ సీనియర్ అక్క దిద్దింది. ఇంకా మిగిలిన తప్పులు నావే. రాయబోయేది 1830లో చనిపోయిన ఒక ఫ్రెంచ్ ఆయన గురించి. కానీ ఆయన నాకు పరిచయమైంది నాంపల్లిలో, ఒక ప్రోగ్రాం పాడుచేసిన తర్వాత. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతా.

మా మామకి నాంపల్లి స్టేషన్‌కి దగ్గర్లో ఒక గల్లీలో మైక్ సెట్ల షాపు ఉంది. పెళ్లిళ్లు, బోనాలు, గణేశ్ మండపాలు, సన్మాన సభలు, ఏదున్నా బాక్సులు వెళ్తాయి. సెలవులొస్తే నేనూ వెళ్తా. ఈ మధ్య మామ ఒక డిజిటల్ క్రాసోవర్ ప్రాసెసర్ కొన్నాడు. చూడ్డానికి డీవీడీ ప్లేయర్ లాంటి సన్నటి డబ్బా. మిక్సర్ నుంచి వచ్చిన సౌండ్‌ని విడదీసి, కింది ఫ్రీక్వెన్సీలు బేస్ బాక్సుల యాంప్లిఫయర్‌కి, పైవి టాప్ బాక్సుల యాంప్లిఫయర్‌కి పంపడం దాని పని. ఎందుకు విడదీయాలి అంటే, 18 అంగుళాల బేస్ స్పీకర్ బరువైనది, సన్నటి శబ్దాలకి అది అంత వేగంగా కదల్లేదు. టాప్‌లో హారన్ వెనక ఉండే పొర చాలా పల్చన, దానికి బేస్ పంపితే పాడైపోతుంది. ఎవరు మోయగలిగింది వాళ్లకి ఇవ్వాలి.

మెనూలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయని మామ ఆ పని నాకిచ్చాడు. ల్యాప్‌టాప్ పెట్టి పది నిమిషాల్లో ముగించేశా. బేస్ బాక్సులకి 100 హెర్ట్జ్ కిందిది, టాప్‌లకి 100 హెర్ట్జ్ పైది. రెండు వైపులా ఆక్టేవ్‌కి 24 డెసిబెల్స్ చొప్పున తగ్గే లింక్‌విట్జ్-రైలీ ఫిల్టర్లు. స్క్రీన్ మీద రెండు గీతలు కత్తెరలా చక్కగా కలిశాయి. డిలే అని ఇంకో పేజీ ఉంది. అందులో అన్నీ సున్నాలు. అలాగే వదిలేశా.

ఆ సాయంత్రం దగ్గర్లోని ఒక హాల్లో జానపద కళాకారుల ప్రోగ్రాం. డోలు మొదలైంది. కర్ర తగిలిన టక్ వినిపిస్తోంది. ఆ వెంటే కడుపులో తగలాల్సిన ధమ్ లేదు. బేస్ బాక్స్ పక్కన నిలబడితే ఉంది, మధ్య వరసల్లోకి వెళ్తే మాయం. వాల్యూం పెంచా. ఇంకా పెంచా. యాంప్లిఫయర్ మీద ఎర్ర లైట్లు వెలిగాయి గానీ ధమ్ రాలేదు. అప్పుడే వచ్చిన మామ మధ్య వరసలో రెండు నిమిషాలు ఊరికే నిలబడ్డాడు. తర్వాత బేస్ పోలారిటీ ఉల్టా చెయ్యమన్నాడు. ఒక్క క్లిక్. బేస్ వచ్చేసింది.

ఏమైందని మామ నన్నడిగాడు. నాకు తెలీదు. తెలీదనే చెప్పాల్సింది. కానీ కేబుల్‌లో ప్లస్సూ మైనస్సూ తారుమారుగా కలిపి ఉంటారని చెప్పా. మా దగ్గర కేబుళ్లు కట్టేది ఒక అన్న. నేను చిన్నప్పటి నుంచీ ఉన్నాడు. మామ అందరి ముందూ ఆయన్ని తిట్టాడు. అన్న ఒక్క మాట మాట్లాడలేదు. ప్రోగ్రాం అయ్యాక కేబుళ్లు ఎప్పటిలాగే చుట్టి బండిలో పెట్టాడు.

ఆ ఆదివారం ఆబిడ్స్ వెళ్లా. షాపులు మూసి ఉంటాయి కాబట్టి ఆ రోజు ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. మీలో చాలామంది ఎంట్రన్స్ మెటీరియల్ అక్కడే కొని ఉంటారు. గణిత శాస్త్రజ్ఞుల జీవితాల మీద అట్ట ఊడిపోయిన ఒక పుస్తకం కనిపించింది. తిరగేస్తుంటే ఫూరియర్ అనే పేరు తగిలింది. లెక్కల పేపర్లో నన్ను ఏడిపించిన ఫూరియర్ సిరీస్ ఆయనదే. అసలు ఈయనెవరో చూద్దామని కొన్నా.

దర్జీ గారబ్బాయి

జోసెఫ్ ఫూరియర్ 1768 మార్చి 21న ఫ్రాన్స్‌లో ఓసేర్ అనే ఊళ్లో పుట్టాడు. ఫ్రెంచ్ వాళ్లు ఫూర్యే అని పలుకుతారు, నేను మన సిలబస్‌లో ఉన్నట్టే రాస్తున్నా. నాన్న దర్జీ. ఇంటినిండా పిల్లలు. ఫూరియర్‌కి తొమ్మిదేళ్లప్పుడు అమ్మ పోయింది, మరుసటేడు నాన్న కూడా పోయాడు. ఎవరో దయతలిస్తే ఆ ఊళ్లోని సైనిక పాఠశాలలో చేరాడు. దాన్ని నడిపేది బెనెడిక్టీన్ సన్యాసులు. అక్కడ లెక్కలు పట్టుకున్నాయి. 14 ఏళ్లకే బెజూ రాసిన ఆరు సంపుటాల గణిత పాఠాలు పూర్తిచేశాడు. రాత్రిళ్లు చదువుకోవడానికి మిగిలిపోయిన కొవ్వొత్తి ముక్కలు ఏరుకుని దాచుకునేవాడని చెబుతారు.

ఫిరంగి దళంలో అధికారి కావాలనుకున్నాడు. లెక్కలు బాగా వచ్చిన కుర్రాళ్లకి అప్పట్లో అదొక మంచి దారి. కానీ గొప్ప వంశంలో పుట్టలేదని తీసుకోలేదు. మిగిలిన దారి సన్యాసం. 1787లో మఠంలో చేరాడు. తుది ప్రమాణం చేయకముందే, 1789లో విప్లవం వచ్చిన ఏడాది, బయటికొచ్చేసి తను చదివిన స్కూల్లోనే టీచరయ్యాడు.

పుట్టుకని బట్టి తలుపులు మూసే రోజులు పోతాయన్న ఆశ ఆయనకి నిజంగానే ఉండేది. 1793లో ఊరి విప్లవ కమిటీలో చేరాడు. అయితే విప్లవం తన వాళ్లనే తినడం మొదలుపెట్టింది. 1794లో ఫూరియర్‌ని జైల్లో పెట్టారు. గిలటిన్ ఆగకుండా పనిచేస్తున్న రోజులవి. ఆ జూలై చివర్లో రోబెస్పియర్ కూలిపోవడంతో బతికి బయటపడ్డాడు. అప్పటికి ఆయనకి 26 ఏళ్లు.

ఆ తర్వాత పారిస్‌లో టీచర్లకి ట్రైనింగ్ ఇవ్వడానికి కొత్తగా పెట్టిన ఎకోల్ నార్మల్‌కి ఎంపికయ్యాడు. పాఠాలు చెప్పింది ఎవరో తెలుసా? లగ్రాంజ్, లాప్లాస్, మోంజ్. మన లెక్కల సిలబస్ మొత్తం ఒక స్టాఫ్‌రూంలో కూర్చున్నట్టు. 1797లో ఎకోల్ పాలిటెక్నిక్‌లో లగ్రాంజ్ ఖాళీచేసిన కుర్చీలోనే ఫూరియర్ కూర్చున్నాడు. దర్జీ గారబ్బాయి కథ ఇక్కడితో సుఖాంతమైపోవచ్చు. కానీ అప్పుడే నెపోలియన్ పిలిచాడు.

చలి

1798లో నెపోలియన్ ఈజిప్టు మీదికి సైన్యంతోపాటు శాస్త్రవేత్తల్నీ ఓడల్లో తీసుకెళ్లాడు. అందులో ఫూరియర్ ఒకడు. కైరోలో పెట్టిన ఈజిప్టు ఇన్‌స్టిట్యూట్‌కి ఆయనే కార్యదర్శి. నెపోలియన్ 1799లోనే చెప్పాపెట్టకుండా వెనక్కి వెళ్లిపోయాడు. ఫూరియర్ 1801 దాకా అక్కడే ఉండి, ఆ తర్వాత ఫ్రాన్స్ చేరాడు.

మళ్లీ పాఠాలు చెప్పుకుందామనుకున్నాడు. నెపోలియన్ ఒప్పుకోలేదు. 1802లో గ్రెనోబుల్ కేంద్రంగా ఉన్న ఇజేర్ జిల్లాకి ప్రీఫెక్ట్‌గా పంపాడు. మన లెక్కలో జిల్లా కలెక్టర్. ఆల్ప్స్ కొండల పక్కన ఉండే ఊరు. ఈజిప్టు ఎండ నుంచి వచ్చిన మనిషికి అక్కడి చలి ఒంట్లోకి దిగిపోయింది. ఇక జీవితాంతం ఆయన చలి చలి అంటూనే ఉన్నాడు. గది వేడిగా ఉండాలి, ఒంటి మీద బట్ట మీద బట్ట ఉండాలి. వేడి అనేది ఎలా ప్రయాణిస్తుందో తేల్చిన మనిషి ఎప్పుడూ వణుకుతూ ఉండేవాడన్నమాట.

కలెక్టర్ పని మాత్రం బాగానే చేశాడు. బూర్‌గ్వాన్ దగ్గర ఏళ్ల తరబడి ఉన్న చిత్తడి నేలలు ఎండబెట్టించడానికి చుట్టుపక్కల ఊళ్లన్నిటినీ ఒప్పించాడు. గ్రెనోబుల్ నుంచి ఇటలీలోని ట్యూరిన్ వైపు కొండల్లో రోడ్డు వేయించడం మొదలుపెట్టాడు. ఈజిప్టు మీద వచ్చిన మహాగ్రంథానికి చారిత్రక పీఠిక రాశాడు. ఆ రోజుల్లోనే గ్రెనోబుల్‌లో చదువుకుంటున్న షాంపోలియన్ అనే కుర్రాడిని ప్రోత్సహించాడు. తర్వాత ఈజిప్టు చిత్రలిపిని చదివి చూపించింది ఆ కుర్రాడే.

వీటన్నిటి మధ్య, ఆఫీసు పని అయ్యాక, తన సొంత లెక్క చేసుకునేవాడు. ఒక ఇనప రింగు తీసుకుని ఒక పక్క వేడిచేసి, చుట్టూ థర్మామీటర్లు పెట్టి, వేడి ఎలా పాకుతుందో చూసేవాడు.

ఇక్కడే అసలు ఆలోచన ఉంది. వేడిచేసిన వెంటనే రింగు చుట్టూ ఉష్ణోగ్రతల గ్రాఫ్ గీస్తే అది ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఆ వంకర గీతని నేరుగా లెక్కగట్టడం చాలా కష్టం. ఫూరియర్ ఏమన్నాడంటే, ఎంత వంకరగా ఉన్నా ఆ గీత కొన్ని సైన్, కొసైన్ అలల మొత్తం మాత్రమే. ముందు వాటిని విడదీయండి. ఒక్కో అల తన లెక్కలో తాను చల్లారుతుంది. రెండింతలు సన్నటి అల నాలుగింతలు వేగంగా పోతుంది. ఏ అల ఎంత మిగిలిందో చూసుకుని మళ్లీ అన్నీ కలపండి. అప్పటి ఉష్ణోగ్రతలు వచ్చేస్తాయి.

విడదీయడం, ఒక్కోదాన్ని విడిగా చూసుకోవడం, మళ్లీ కలపడం. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నా. మామ కొన్న డబ్బా చేసేది కూడా ఈ మూడే. నేను చేసింది మాత్రం మొదటి రెండే.

కుదరదన్నారు

1807 డిసెంబర్‌లో ఫూరియర్ తన పరిశోధన పారిస్ ఇన్‌స్టిట్యూట్‌కి సమర్పించాడు. చూడ్డానికి నలుగురు పెద్దల్ని పెట్టారు. లగ్రాంజ్, లాప్లాస్, మోంజ్, లక్రువా. ముగ్గురు ఆయన గురువులే. లగ్రాంజ్ ఒప్పుకోలేదు.

లగ్రాంజ్‌ని విలన్‌ని చేయడం తేలిక. నేనూ మొదట అలాగే అనుకున్నా. కానీ ఆ గొడవ అంతకు 50 ఏళ్ల ముందుది, అదీ సౌండ్ దగ్గరే మొదలైంది. బిగించిన తీగని మీటితే అది ఎలా ఊగుతుంది? 1753లో డేనియల్ బెర్నూలీ, తీగ ఊపు ఏదైనా సరే మూల స్వరం, దాని రెట్టింపు, మూడింతలు, ఇలా స్వరాల మొత్తమే అన్నాడు. ఆయిలర్, డాలంబర్ ఒప్పుకోలేదు. కుర్రాడిగా ఉన్న లగ్రాంజ్ కూడా ఆ వాదనలో దిగాడు. మెత్తగా వంగే అలల్ని ఎన్ని కలిపితే మాత్రం ఒక మొనదేలిన మూల వస్తుందా? ఇదీ వాళ్ల అనుమానం. ఫూరియర్ వస్తుందన్నాడు, లెక్కచేసి చూపించాడు, ప్రయోగంతో సరిపోయింది. కానీ అంతులేని ఆ కూడిక నిజంగానే ఆ గీత దగ్గరికి చేరుతుందని గట్టి రుజువు ఇవ్వలేదు. విడదీసే పద్ధతి అద్భుతంగా ఉంది. కలిపినప్పుడు ఏం వస్తుందన్నదే ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే.

1811లో ఇన్‌స్టిట్యూట్ వేడి మీదే పోటీ పెట్టింది. ఫూరియర్ పెంచి రాసి పంపాడు. 1812లో బహుమతి ఇచ్చారు. ఇస్తూనే రుజువుల్లో బిగువు లేదని రాశారు, అచ్చు వేయలేదు. ఫస్ట్ ప్రైజ్ ఇచ్చి పేపర్ రిజెక్ట్ చేసినట్టు.

ఇంతలో రాజకీయం మళ్లీ ఇంటికొచ్చింది. 1815 మార్చిలో ఎల్బా దీవి నుంచి తప్పించుకున్న నెపోలియన్ నేరుగా గ్రెనోబుల్ మీదుగా వచ్చాడు. ఫూరియర్ అప్పటికి రాజు ఉద్యోగి. ఊరు వదిలి వెళ్లిపోయాడు. నెపోలియన్ కోపం తీరాక పక్క జిల్లాకి ప్రీఫెక్ట్‌ని చేశాడు. అదీ కొన్ని వారాలే. వాటర్లూ యుద్ధానికి ముందే ఆ పదవి పోయింది. రాజు తిరిగొచ్చాక నెపోలియన్ మనిషని అనుమానం. 47 ఏళ్ల వయసులో పదవి లేదు, పెన్షన్ లేదు. పాత శిష్యుడొకడు పారిస్‌లో గణాంకాల ఆఫీసులో పని ఇప్పించాడు. 1816లో అకాడమీకి ఎన్నికైతే రాజు ఒప్పుకోలేదు. 1817లో మళ్లీ ఎన్నికయ్యాడు. ఈసారి ఆపలేకపోయారు.

చివరికి 1822లో వేడి సిద్ధాంతం మీద ఆయన పుస్తకం అచ్చయింది. మొదట సమర్పించిన 15 ఏళ్లకి. అదే ఏడు అకాడమీకి శాశ్వత కార్యదర్శి అయ్యాడు. అప్పుడు తనని ఆపిన పాత కాగితం ఊరుకోనివ్వలేదేమో, 1811 నాటి పరిశోధనని అకాడమీ సంచికలో అచ్చు వేయించాడు. కంపించే పలకల మీద గొప్ప పని చేసిన సోఫీ జెర్మేన్‌కి ఆడమనిషి అన్న కారణంతో అకాడమీ సభల్లో చోటు లేకపోతే, ఆమె కూర్చునేలా చేసింది కూడా ఆయనే. భూమి చుట్టూ ఉన్న గాలి వేడిని పట్టి ఉంచుతుందని 1820ల్లోనే రాశాడు. ఇవాళ మనం గ్లోబల్ వార్మింగ్ అనే కథ అక్కడి నుంచే మొదలవుతుంది.

ఒక తప్పు కూడా ఉంది, అది రాయకపోతే బాగోదు. 1830 ఫిబ్రవరిలో గాల్వా అనే 18 ఏళ్ల కుర్రాడు అకాడమీ బహుమతి కోసం సమీకరణాల మీద ఒక వ్యాసం పంపాడు. కార్యదర్శిగా ఫూరియర్ దాన్ని ఇంటికి తీసుకెళ్లాడు. ఆ మే నెల 16న ఫూరియర్ చనిపోయాడు. కాగితాల్లో ఆ వ్యాసం దొరకలేదు. తన కష్టాన్ని ఎవరూ చూడలేదని ఆ కుర్రాడు మండిపోయాడు. రెండేళ్లకే ద్వంద్వ యుద్ధంలో పోయాడు కూడా. ఫూరియర్ కావాలని చేసింది కాదు. ఆయన జబ్బుమనిషి. అయినా మన వయసువాడి కాగితాలు ఆయన చేతుల్లోనే పోయాయి. ఆ పేజీ దగ్గర నాకు కేబుళ్లు చుడుతున్న అన్న గుర్తొచ్చాడు. మామ నన్నడిగినప్పుడు నేను కావాలనే అబద్ధం చెప్పా.

ఫూరియర్‌కి 62 ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు. పారిస్‌లోని పేర్ లషేజ్ శ్మశానంలో సమాధి ఉంది. ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో ఆయనదీ ఒకటి. సొంతూళ్లో పెట్టిన కంచు విగ్రహాన్ని మాత్రం రెండో ప్రపంచ యుద్ధంలో కరిగించేశారు.

లగ్రాంజ్ అడిగిన ప్రశ్నకి సమాధానం ఫూరియర్ బతికుండగానే వచ్చింది. 1829లో డిరిక్లే అనే జర్మన్ యువకుడు, ఏ షరతుల్లో ఆ కూడిక అసలు గీతకి చేరుతుందో రుజువు చేశాడు. పారిస్‌లో చదువుకుంటున్నప్పుడు ఫూరియర్ దగ్గరికి వచ్చిపోయినవాడే. రెండు మార్కుల కోసం మనం బట్టీపట్టే డిరిక్లే కండిషన్స్ అవే. వాటి వెనక 22 ఏళ్ల గొడవ ఉందని మనకి ఎవరూ చెప్పలేదు.

మళ్లీ నాంపల్లి

ఫూరియర్ పద్ధతిని కంప్యూటర్ వేగంగా చేసే దారి 1965లో కూలీ, టూకీ చూపించారు. అదే ఎఫ్ఎఫ్‌టీ. ఫోన్లో సౌండ్ కొలిచే యాప్‌లో గంతులేసే గీతలు దానివే. క్రాసోవర్ డబ్బా లోపల సాధారణంగా ఎఫ్ఎఫ్‌టీ ఉండదు. అక్కడ సెకనుకి 48 వేలో 96 వేలో శాంపిళ్ల మీద చిన్న చిన్న గుణకారాలు జరుగుతుంటాయి. కానీ సౌండ్‌ని ఫ్రీక్వెన్సీల మొత్తంగా చూడటం, ఇక్కడ కొయ్యి, అక్కడ అతుకు అనుకోగలగడం, ఆ చూపు ఫూరియర్‌దే.

ఇక నా తప్పు. లింక్‌విట్జ్, రైలీ ఇద్దరూ హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీలో ఇంజనీర్లు. 1976లో వాళ్ల ఫిల్టర్ వచ్చింది. దాని కిటుకు ఏంటంటే, కోసిన చోట, అంటే నా విషయంలో 100 హెర్ట్జ్ దగ్గర, బేసూ టాపూ రెండూ 6 డెసిబెల్స్ తగ్గి ఉంటాయి. అంటే ఒక్కోటి సగం. రెండు సగాలూ అడుగులో అడుగు వేసి వస్తే కలిసి సరిగ్గా ఒకటవుతాయి. అడుగు తప్పితే ఒకదాన్నొకటి తినేస్తాయి. స్క్రీన్ మీద గీతలు డబ్బా లోపలి సంగతి మాత్రమే చెబుతాయి. హాల్లో బాక్సులు ఎక్కడున్నాయో దానికి తెలీదు.

మామ షాపులో టేపు తీసుకుని, ఆ రోజు అమర్చిన కొలతలు అడిగి లెక్క వేశా. బేస్ బాక్సులు స్టేజీ ముందు నేల మీద. టాప్‌లు స్టాండ్ల మీద, వాటికి 1.7 మీటర్లు వెనక. 25 డిగ్రీల గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 346 మీటర్లు వెళ్తుంది. అంటే బేస్ సుమారు 5 మిల్లీసెకన్లు ముందు వచ్చేస్తోంది. 100 హెర్ట్జ్ అల ఒక చుట్టు తిరగడానికి పట్టేది 10 మిల్లీసెకన్లు. 5 అంటే సరిగ్గా సగం. ఒకటి పైకి తోస్తుంటే ఇంకోటి కిందికి లాగుతోంది. డోలు ధమ్ అక్కడే చచ్చిపోయింది. నేను వాల్యూం పెంచినకొద్దీ రెండూ ఇంకా గట్టిగా కొట్టుకున్నాయి.

మామ పోలారిటీ ఉల్టా చేయించినప్పుడు ఆ సగం చుట్టు సరిపోయింది కాబట్టి బేస్ వచ్చింది. అయితే అది సగం మందే. డోలు దెబ్బలో బేస్ ముందు, టక్ తర్వాత వస్తూనే ఉంటాయి. సరైన మందు, పోలారిటీ మామూలుగానే ఉంచి బేస్ బాక్సులకి 5 మిల్లీసెకన్ల డిలే పెట్టడం. నేను సున్నాలు వదిలేసిన పేజీ అదే. అన్న కట్టిన కేబుల్లో ఏ తప్పూ లేదు. మల్టీమీటర్ పెట్టి అన్నీ చూశా.

వేడి సంగతి ఇక్కడ కూడా వస్తుంది. శబ్దం వేగానికి న్యూటన్ వేసిన లెక్క తక్కువ వచ్చింది. గాలి నొక్కుకున్నప్పుడు పుట్టే వేడిని కలపాలని 1816లో లాప్లాస్ దిద్దాడు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే శబ్దం సెకనుకి దాదాపు 0.6 మీటర్లు ఎక్కువ వెళ్తుంది. నుమాయిష్ జరిగే జనవరి రాత్రికీ, మే నెల మధ్యాహ్నానికీ డిలే అంకె కొంచెం మారుతుంది. 1.7 మీటర్లకి అది పట్టించుకోనక్కర్లేదు. హాలు వెనక పెట్టే దూరపు బాక్సులకైతే చూసుకోవాలి.

ఇప్పుడు నేను చేసే వరస ఇది. ముందు యాంప్లిఫయర్లు మ్యూట్‌లో పెట్టి, చిన్న సౌండ్‌తో ఏ అవుట్‌పుట్ ఏ బాక్స్‌కి వెళ్తోందో చూస్తా, బేస్ పొరపాటున హారన్‌కి వెళ్లకుండా. తర్వాత క్రాసోవర్, బాక్స్ పలకలేని అడుగు బేస్‌ని కోసే ఫిల్టర్, లిమిటర్లు. ఆ తర్వాత టేపుతో కొలిచి డిలే. చివర్న ఒక పరీక్ష. బేస్ పోలారిటీ కావాలని ఉల్టా చేసి 100 హెర్ట్జ్ శబ్దం పంపి, డిలేని కొంచెం కొంచెం కదుపుతూ అది అన్నిటికంటే ఎక్కువ ఎక్కడ మాయమవుతుందో పట్టుకుంటా. అప్పుడు పోలారిటీ మామూలుకి తెస్తే అక్కడే అన్నిటికంటే బాగా కలుస్తుంది. ఈ పరీక్ష స్క్రీన్ ముందు కూర్చుని చేసేది కాదు. మధ్య వరసలో నిలబడి చేయాలి, మామ నిలబడిన చోట.

సోమవారం మామకి చెప్పేశా. లెక్క కాగితం చూపించబోతే ఆపాడు. తిట్టింది అందరి ముందు కాబట్టి చెప్పేది కూడా అందరి ముందే చెప్పమన్నాడు. షాపులో ఉన్న అందరి ముందూ చెప్పా. తెలుగులో మాటలు దొరక్క రెండుసార్లు ఆగిపోయా. అన్న నవ్వలేదు, కోప్పడలేదు. తన కేబుల్ తప్పు కాదని తనకి ఆ రోజే తెలుసన్నాడు. తెలిసీ ఎందుకు ఊరుకున్నాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

సాయంత్రం చాయ్ తాగాక అన్నే వచ్చి ఆ డిలే పేజీ చూపించమన్నాడు. షాపు ముందు ఒక బేసూ ఒక టాపూ పెట్టి ఆ పరీక్ష చేశాం. నేను అంకె మారుస్తున్నా, ఆయన గల్లీలో దూరంగా నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. నా లెక్కలో వచ్చింది 4.9. అన్న చెయ్యి ఆపింది 5.1 దగ్గర. వెళ్లి నిలబడి విన్నా. ఆయన చెప్పిందే కరెక్ట్.

ఈసారి మన క్లబ్ వార్షికోత్సవానికి సౌండ్ మాదే. అన్న కూడా వస్తున్నాడు. మధ్య వరసల్లో కూర్చునేవాళ్లు డోలు మొదలవగానే చూడండి, కడుపులో తగలకపోతే వచ్చి నన్నే అడగండి.